కొసరు

తెల్లారి అయిదుకే వచ్చి నిలబడింది ఆ పిల్ల
బైరాగిపట్టెడలో నా ఐసు అంగడి ముందర.
తలమీద గుడ్డ, చేతిలో కడిగిన పెయింటు బకెట్టు.
"అయిదు కేజీలు కావాలి"
పుస్తకంలో నేర్చిన తెలుగు.
"చేపలకా?"
"కాదు. పండగకి."

ముప్పై ఏండ్లుగా ఐసు కొడతా ఉండా.
చేపలకు అమ్మిండా, చెరుకురసానికి అమ్మిండా,
పెండ్లిండ్లలో సోడాల తొట్టికి అమ్మిండా,
కడచూపు కోసం ఆపిన పీనుగులకు
అర్ధరాత్రి గోనెపట్టాలో గడ్డలు మోసిండా.
పండక్కని అడిగింది మటుకు ఈ పిల్లే.

ఉగాదికి ఇంకా పది దినాలుండాది.
"ఏం పండగ మే?"
"మా కొత్త సంవత్సరం. పగలు, రాత్రి
ఒకే బరువు అయ్యే రోజు."
నా తక్కెడ పక్క చూసి నవ్వింది.
నాకు నవ్వు రాలేదు.
ఈ ముల్లు ఏనాడన్నా నడిమధ్యన నిలిచిందా?
పైన ఒక పెచ్చు కొసరెయ్యకపోతే
ఎవురూ బకెట్టు ఎత్తరు.

పేరు మర్జియా అంట. మహిళా యూనివర్సిటీలో చదువు.
ఊరి పేరు రెండుసార్లు చెప్పింది,
నా నోట్లో నిలవలేదు.

పది గంటలకు మళ్ళా వచ్చింది, ఇంకో అయిదు కేజీలకు.
పన్నెండుకు మళ్ళా.
"పాలు పాలుగానే ఉన్నాయి" అని
బకెట్టుతో చెప్పుకున్నట్టు చెప్పింది.
షట్టరు సగం దించి
రాళ్ళుప్పు మూట చంకనెత్తుకున్నా.

మేడమీద ఒక గది, ముగ్గురు పిల్లలు.
పళ్ళెంలో గోదుమ మొలకలు, ఎర్ర రిబ్బను కట్టి,
అచ్చం పెండ్లి పాలికల మాదిరి.
బకెట్టులో పాలక్యాను. యాలకుల వాసన, పన్నీరు వాసన.
చిన్న పొట్లంలో ఏందో గడ్డపొడి,
మిగిలింది అరచెంచా,
ఈ దేశంలో దొరకదంట.
ఐసులో వేసింది చూస్తే పాకెట్టు ఉప్పు, రెండు పిడికిళ్ళు.

"పొడుప్పు కాదు మే!
రాళ్ళుప్పు తగిలితేనే ఐసుకు కోపమొస్తాది.
అది కరిగేదానికి
పక్కనోళ్ళ వేడంతా గుంజుకుంటాది."
సుత్తితో కొట్టి, ఒక వరస ఐసు, ఒక వరస ఉప్పు.
క్యాను మెడ పట్టి తిప్పినాం, కుడికీ ఎడమకీ,
వంతులేసుకోని, భుజాలు పడిపోయేదాకా.

వాళ్ళ తాత కొండమీద మంచు గడ్డిలో చుట్టి
గాడిదలమీద దించేవాడంట.
"మా కొండమీంచి లడ్లు దిగతాయి,
గుండ్లు దిగతాయి, మంచు యాడ దిగతాది" అన్నా.
ఒకరికి అర్థమయ్యింది, ఆ పిల్ల మిగతావాళ్ళకు చెప్పింది,
ముగ్గురూ గోడకానుకోని నవ్వినారు.
ఆ నవ్వుల్లో నోరు జారి అడిగినా:
"మళ్ళా ఎప్పుడు పోతావు మీ ఊరికి?"
ఆ ఒక్కదానికి మటుకు తెలుగు రాలేదు దానికి.
చెక్కతెడ్డు తీసుకోని
క్యాను గోడలు గీకింది, గీకింది.

గీకినచోట తెల్లగా పట్టింది.

ముందు నాకే పెట్టింది, స్టీలు మూతలో.
పాలకోవా కాదు, బాదంపాలు కాదు.
తీగ సాగతాది. నమిలే మంచు.
ముప్పై ఏండ్లుగా వేళ్ళకే తెలిసిన చలి
పండ్లదాకా పోయి జివ్వుమనింది.
కండ్లలో నీళ్ళొచ్చినాయి, పంటినొప్పి అన్నా.

దిగేటప్పుడు చెప్పినా,
ఆ ఉప్పునీళ్ళు తులసిచెట్టుకు పొయ్యొద్దండి,
ఓనరమ్మ గది ఖాళీ చేయిస్తాది.
పది కేజీలకు దుడ్లు తీసుకున్నా.
మూడోసారి మోసుకపోయింది కొసరు.

అంగడికాడ చేపల గురవయ్య అరస్తా ఉండాడు,
ఇంతసేపు యాడ సచ్చినావని.
ఆయప్పకు కొట్టిచ్చి పంపినాక,
పొద్దు వాలినాక,
ఊరికే, తక్కెడ ఖాళీగా ఎత్తి చూసినా.
ముల్లు రవంత ఎడమపక్కకే ఉండాది.
పళ్ళెం చెంగుతో తుడిచి మళ్ళా ఎత్తినా.
తడి.
ఎంత తుడిచినా రవంత తడి.